ఐదు రకాలుగా తెరుచుకునే స్మార్ట్ లాక్, ఎనిమిది నెలలు వాడాక

మా ఇంటి ముందు తలుపుకి స్మార్ట్ లాక్ పెట్టించి ఎనిమిది నెలలైంది. వేలిముద్ర, పిన్, కార్డు, ఫోన్ యాప్, మామూలు తాళంచెవి, ఇలా ఐదు రకాలుగా తెరుచుకుంటుంది. కొనేటప్పుడు ఈ ఐదూ చూసే మురిసిపోయాను. ఇప్పుడు రోజూ వాడేది వేలిముద్ర, పిన్ మాత్రమే. మిగతావి ఒక్కొక్కటిగా ఎందుకు పక్కన పెట్టాల్సి వచ్చిందో చెప్తాను, కొనబోయేవాళ్లు ముందే చూసుకోవచ్చు.

మొదట మంచి సంగతి. వేలిముద్ర బాగా పనిచేస్తుంది, పెట్టగానే తెరుచుకుంటుంది. తడి చేతులతో మాత్రం కుదరదు. అమ్మకి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, పదిసార్లు పెడితే నాలుగుసార్లు తీసుకోలేదు, అందుకని ఆవిడకి పిన్ ఇచ్చేశాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే కొనేముందే వాళ్ల వేలు పెట్టించి చూడండి.

నాకు నిద్ర పట్టకుండా చేసింది కార్డు. ఎలక్ట్రానిక్ తాళాల పని తెలిసిన స్నేహితుడొకడు ఇంటికొచ్చి, పెట్టెలో వచ్చిన కార్డు ఒకటి తీసుకుని చిన్న రీడర్ మీద పెట్టి ఖాళీ కార్డులోకి కాపీ చేశాడు. నిమిషం కూడా పట్టలేదు. బయటికెళ్లి ఆ కాపీతో మా తలుపు తీసుకుని లోపలికొచ్చాడు! ఇలాంటి 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేసే కార్డులు చాలావాటిలో రహస్యం ఏమీ ఉండదట, దగ్గరికి తెస్తే తమ నంబరు చెప్పేస్తాయంతే. మైఫేర్ క్లాసిక్ అనే ఇంకో రకం కార్డుకి ఎన్‌క్రిప్షన్, అంటే సమాచారాన్ని రహస్య సంకేతాల్లో దాచే పద్ధతి, ఉన్నా దాన్ని 2008లోనే బద్దలుకొట్టారు. కార్డు కావాల్సిందే అనుకుంటే అది ఏ రకమో అడగండి, డెస్‌ఫైర్ లాంటి గట్టి ఎన్‌క్రిప్షన్ ఉన్న రకమైతే నయం. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే కార్డు వద్దనుకోవడమే మంచిది. నేను ఆ రాత్రే కార్డులన్నీ డిలీట్ చేశాను.

పిన్ విషయంలో ఈ లాక్ మెచ్చుకోదగ్గదే. నాలుగంకెల పిన్‌కి 10,000 అవకాశాలుంటాయి, కానీ గాజు మీద వేలి మరకలు నాలుగు అంకెల దగ్గరే కనిపిస్తుంటే, అవి ఏ వరసలో నొక్కారన్నదే మిగులుతుంది, అంటే 24 మాత్రమే. ఇందులో ఆరంకెల నుంచి పదంకెల దాకా పెట్టుకోవచ్చు, అసలు పిన్‌కి ముందూ వెనకా ఇష్టమొచ్చిన అంకెలు నొక్కినా తీసుకుంటుంది కాబట్టి పక్కన నిలబడి చూసేవాళ్లకి అంత తేలిగ్గా అందదు. ఐదుసార్లు తప్పు కొడితే మూడు నిమిషాలు మొరాయిస్తుంది. పనికొచ్చేవాళ్లకి ఫలానా వేళల్లోనే పనిచేసే పిన్ ఇవ్వొచ్చు, వాళ్లు మానేసిన రోజే తీసేయొచ్చు. ఇది నాకు బాగా నచ్చింది.

కానీ తాళం మొత్తాన్ని అదుపులో పెట్టే మాస్టర్ కోడ్ ఫ్యాక్టరీ నుంచి 123456 అని వచ్చింది! బిగించడానికి వచ్చినతను మార్చమని చెప్పలేదు, మూడో రోజు మాన్యువల్ చదువుతుంటే కనిపించింది. ఆ మూడు రోజులూ ఇల్లు తెరిచి ఉన్నట్టే లెక్క. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కి కలిసే వస్తువులకి ఇలాంటి ఉమ్మడి పాస్‌వర్డులు పెట్టి అమ్మకూడదని చట్టమే ఉంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో కూడా ముందే చెప్పాలి. మీరు ఎక్కడ కొన్నా సరే, అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారన్నది తప్పకుండా అడగండి.

యాప్ దగ్గరే నాకు అసలు టెన్షన్. 2016లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు 16 బ్లూటూత్ తాళాలు పరీక్షించి 12 తెరిచేశారు, కొన్నయితే పాస్‌వర్డుని దాచకుండా గాల్లోకి వదిలేస్తున్నాయి. నేను కొన్నదాని పెట్టె మీద ఏఈఎస్ 128 ఎన్‌క్రిప్షన్ అని రాసుంది, అది గట్టి రకమే, సంతోషం, కానీ యాప్ లాగిన్‌కి పాస్‌వర్డుతో పాటు ఇంకో రుజువు కూడా అడిగే రెండంచెల వెరిఫికేషన్ లేదు. నా పాస్‌వర్డు దొరికితే చాలు, ఎక్కడో కూర్చుని మా తలుపు తీయొచ్చు, అలాంటప్పుడు ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైతే ఏం లాభం? కస్టమర్ కేర్‌కి రెండుసార్లు రాశాను, పరిశీలిస్తాం అన్నారు, అంతే. అందుకే వైఫై నుంచి తీసేశాను. ఫోన్ దగ్గరికి రాగానే దానంతటదే తెరుచుకునే సదుపాయం కూడా ఆపేశాను, ఎందుకంటే దూరంగా ఉన్న ఫోన్ సిగ్నల్‌ని తలుపు దాకా మోసుకొచ్చి తాళాన్ని నమ్మించొచ్చని 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు చేసి చూపించారు.

ఇక తాళంచెవి. చిన్న మూత కింద దాచిన ఆ కన్నం గురించి ఎవరూ పట్టించుకోరు. తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిపించి చూపిస్తే, ఇది నాసిరకం సిలిండర్ (తాళంచెవి దూరి తిరిగే భాగం) అని చెప్పి, తన పనిముట్లతో చూస్తుండగానే తీసేశాడు. వేలిముద్ర, పిన్, ఎన్‌క్రిప్షన్ ఎన్నున్నా దొంగ ఆ కన్నం దగ్గరికే వెళ్తాడు కదా. మంచి సిలిండర్ వేయించాను, అదృష్టం కొద్దీ ఈ మోడల్‌లో మార్చుకునే వీలుంది. కొనేముందు ఈ ఒక్కటీ కనుక్కోండి. తాళం గట్టిదనాన్ని చెప్పే అమెరికా ప్రమాణం ఏఎన్ఎస్ఐ గ్రేడ్ రాసుంటే 1 అన్నింటికన్నా గట్టిది, 3 కింది మెట్టు.

బ్యాటరీ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు, తగ్గగానే అరుస్తుంది, పూర్తిగా అయిపోతే కింద 9 వోల్టుల బ్యాటరీ ఆనించి తీయొచ్చు. లోపలి నుంచి మాత్రం కరెంటుతో పనిలేకుండా హ్యాండిల్ తిప్పితే తెరుచుకోవాలి, పొగ కమ్ముకున్నప్పుడు బ్యాటరీ వెతుక్కునే టైం ఉండదు. ఇది తెరుచుకుంటుంది, బ్యాటరీలు తీసేసి మరీ చూశాను.

ఐదుకి మూడు ఇస్తున్నాను. ఒకటి ఆ కార్డుకి, ఇంకోటి యాప్ లాగిన్‌కి కోత. లాగిన్ సరిచేస్తూ అప్‌డేట్ వస్తే ఇక్కడే మార్చి రాస్తాను, అప్పటిదాకా మా తాళం వైఫైకి దూరంగానే ఉంటుంది.