పిక్ పట్టు: చూపుడువేలి పక్కనా, మూడు వేళ్లతోనా, బెన్సన్ తరహాలోనా – ఏది మేలు?

గిటారు నేర్చుకునేవారు ఎడమచేతి కార్డుల (కొన్ని స్వరాలను కలిపి పలికించే అమరికల) మీద నెలల తరబడి శ్రమపడతారు గానీ, తీగను మోగించే కుడిచేతి గురించి, అందులోనూ పిక్‌ను, అంటే తీగను మీటే చిన్న పలకను, పట్టుకునే తీరు గురించి ఆలోచించేది చాలా తక్కువ. మొదటి రోజు చేతికి ఎలా వస్తే అలా పట్టుకుంటారు, ఆ పట్టే అలవాటైపోతుంది, వేగం ఒకచోట ఆగిపోయినప్పుడో, పాట మధ్యలో పిక్ వేళ్లలోనే తిరిగిపోతున్నప్పుడో అనుమానం మొదలవుతుంది. పేరున్న వాద్యకారులను చూసి తేల్చుకుందామంటే, అక్కడ ఒకరి పట్టుకూ మరొకరి పట్టుకూ పొంతన ఉండదు. ఎడ్డీ వాన్ హేలెన్ బొటనవేలు, మధ్యవేళ్ల మధ్య పట్టుకున్నారు. జేమ్స్ హెట్‌ఫీల్డ్ మూడు వేళ్లు వాడతారు. జార్జ్ బెన్సన్ పట్టు వీటన్నిటికీ తలకిందులుగా ఉంటుంది. అందరూ గొప్పగానే వాయించారు. కాబట్టి వేళ్లు ఎన్ని అన్న లెక్కతో మంచిచెడ్డలు తేలవు. పిక్ కొస తీగను ఏ కోణంలో తాకుతోంది, తాకాక తీగల మధ్య నుంచి ఎటుగా బయటపడుతోంది అనే రెండు విషయాలను దృష్టిలో పెట్టుకుంటే ఒక్కో పట్టు దేనికి పనికొస్తుందో స్పష్టమవుతుంది. కింద చెప్పేదంతా కుడిచేత్తో మీటేవారిని ఉద్దేశించినది. ఎడమచేతి వాటం వారు తిప్పి అన్వయించుకోవాలి.

ముందుగా, ఎక్కువమంది గురువులు నేర్పే పట్టు. చూపుడువేలిని కొక్కెంలా లోపలికి వంచి, దాని చివరి కణుపు పక్కభాగం మీద పిక్‌ను పరచి, పైన బొటనవేలి మెత్తని భాగాన్ని ఆనించాలి. పిక్ కొస బొటనవేలి గోరు చూపే దిశకు ఇంచుమించు లంబంగా, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి కనబడాలి. ఈ పట్టుకు ఉన్న పెద్ద బలం దాని వెనుక ఉన్న ఆధారం: వంచిన చూపుడువేలు అడుగున గట్టి మెట్టులా ఉంటుంది కాబట్టి బొటనవేలు పెద్దగా నొక్కనక్కరలేదు, తక్కువ ఒత్తిడితోనే పిక్ నిలుస్తుంది. రెండో మేలు ఏమిటంటే, బొటనవేలిని కాస్త వంచినా చాపినా కొస కోణం మారిపోతుంది; తీగలన్నిటినీ కలిపి మీటే మెత్తటి స్ట్రమ్మింగ్ నుంచి ఒక్కో స్వరాన్ని విడివిడిగా మీటడం దాకా పట్టు విడవకుండానే వెళ్లవచ్చు. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు ఖాళీగా మిగులుతాయి గనుక, పిక్‌తో పాటు ఆ వేళ్లతో కూడా తీగలను లాగే హైబ్రిడ్ పికింగ్‌కు ఇది సిద్ధంగా ఉంటుంది. కంట్రీ సంగీతంలో ఆల్బర్ట్ లీ వంటివారి వాద్యంలో పై తీగలు చిటపటలాడేది ఆ ఖాళీ వేళ్ల వల్లనే.

దీనికి దగ్గరి బంధువు ఇంకొకటి ఉంది. చూపుడువేలిని అంతగా వంచకుండా, రెండు వేళ్ల మెత్తని కొసలతో, చిటికెడు ఉప్పు తీసుకున్నట్టు పిక్‌ను పట్టుకోవడం. చూడటానికి తేడా చిన్నదే అయినా, చేతిలో తేడా పెద్దది. వేలికొసల మధ్య పిక్ కదలడానికి ఎక్కువ చోటు ఉంటుంది, అందువల్ల స్ట్రమ్మింగ్‌లో తీగల మీద మృదువుగా జారుతుంది. కానీ బరువైన అడుగు తీగను (అన్నిటికన్నా లావుది, మంద్రంగా పలికేది) గట్టిగా మీటగానే మెలి తిరుగుతుంది. ఆ మెలిని ఆపడానికి నేర్చుకునేవాడు తెలియకుండానే బిగించి పట్టుకుంటాడు, ఆ బిగువు బొటనవేలి మొదలు నుంచి మణికట్టుకు, అక్కడి నుంచి ముంజేతికి పాకుతుంది. కొత్తవారి చేతి నొప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పాటలకు కార్డులు కొట్టడమే పనిగా పెట్టుకున్నవారికి, చర్చి క్వయర్‌లో గంటసేపు స్ట్రమ్మింగ్ చేసేవారికి ఈ పట్టుతో ఇబ్బంది ఉండదు. లీడ్ (ఒంటరి స్వరాల వరుసలు) వాయించాలనుకునేవారు మాత్రం మొదట్లోనే చూపుడువేలి పక్కకు మారడం మంచిది.

ఇక కోణం సంగతి. పిక్ చదునుగా, తీగకు సమాంతరంగా తాకితే ధ్వని గట్టిగా, స్పష్టంగా వస్తుంది గానీ తీగ అడ్డుపడుతున్నట్టు అనిపిస్తుంది. పిక్‌ను కొద్దిగా తిప్పి అంచుతో తాకిస్తే అది తీగ మీదుగా జారిపోతుంది, వేగం సులువవుతుంది, ధ్వనిలో సన్నని గీరు శబ్దం కలుస్తుంది. మామూలు పట్టులో కిందికి మీటేటప్పుడు తీగను ముందుగా తాకేది పిక్‌కు నెక్ వైపున్న (ఎడమచేయి తీగలను నొక్కే మెడ వైపున్న) అంచు. దీనితో పాటు గమనించాల్సింది వాలు. పిక్ పైభాగం నేలవైపు కాస్త ఒరిగి ఉంటే, పైకి మీటిన ప్రతిసారీ కొస తీగల మీంచి గాలిలోకి లేస్తుంది, కిందికి మీటినప్పుడు రెండు తీగల మధ్య దిగబడుతుంది. ఇప్పుడు ఒక తీగ మీద కింది స్ట్రోక్‌తో మొదలుపెట్టి ఆరు స్వరాలు వాయించండి: ఆరోది పై స్ట్రోక్ అవుతుంది, కొస గాలిలోనే ఉంటుంది, పక్క తీగకు వెళ్లడానికి ఏదీ అడ్డు రాదు. అదే తీగ మీద మూడు స్వరాలే వాయిస్తే మూడోది కింది స్ట్రోక్. కొస తీగల మధ్య ఇరుక్కుని, దాటవలసిన తీగ మీదుగా ఎగరవలసి వస్తుంది. ‘నా వేగం ఇక్కడ ఆగిపోయింది’ అని చాలామంది అనుకునే చోట నిజంగా జరిగేది ఇదే. ఒకే తీగ మీద ఎంత వేగంగానైనా మీటగలిగినవారు తీగ మారేసరికి తడబడటానికి కండబలం కొరత కారణం కాదు. అందువల్ల ఏ పట్టునైనా అంచనా వేసేటప్పుడు అది ఈ వాలును మార్చుకోనిస్తుందా లేదా అన్నది చూడాలి. చూపుడువేలి పక్కన పట్టే పద్ధతి బొటనవేలి చిన్న కదలికతో రెండు వైపులా వాలనిస్తుంది. నేను దానికి మొదటి స్థానం ఇవ్వడానికి ముఖ్య కారణం ఇది.

మూడు వేళ్ల పట్టులో చూపుడువేలు, మధ్యవేలు రెండూ కింద ఉండి, పైన బొటనవేలు ఆనుతుంది. గిటారిస్టు స్టీవ్ మోర్స్ కూడా పట్టుకునేది ఇలాగే. పిక్‌కు మూడు చోట్ల ఆధారం దొరుకుతుంది కాబట్టి అది తిరగదు. అరచేతి అంచును బ్రిడ్జ్ (గిటారు ఒంటి మీద తీగలు ఆనే దిమ్మె) మీద ఆనించి, తీగల మోతను అణచిపెట్టి, నిమిషాల తరబడి వరుసగా కింది స్ట్రోక్‌లే కొట్టే మెటల్ రిథమ్‌కు ఇది చక్కగా సరిపోతుంది. ఆ పనికి హెట్‌ఫీల్డ్ కుడిచేయి పెట్టింది పేరు. బొటనవేలి కీలు మరీ వదులుగా ఉండి, రెండు వేళ్లతో పట్టినప్పుడు వెనక్కి వంగిపోయేవారికి కూడా ఈ పట్టు మంచి ఊతం. నష్టం ఏమిటంటే, హైబ్రిడ్ పికింగ్‌కు అందరికన్నా చురుకైన మధ్యవేలు ఇందులో ఇరుక్కుపోతుంది. మిగిలిన ఉంగరపు వేలు, చిటికెన వేలు ఆ పని నేర్చుకోవడానికి చాలా కాలం పడుతుంది. కార్డులకు మధ్య మధ్య వేళ్లతో తీగలు లాగాలనుకునేవారు దీన్ని ఎంచుకునే ముందు ఆలోచించుకోవాలి.

వాన్ హేలెన్ పట్టులో చూపుడువేలు ఖాళీగా ఉంటుంది, పిక్ బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య నిలుస్తుంది. కుడిచేతి చూపుడువేలితో ఫ్రెట్ల (నెక్ మీది అడ్డగీతల) మీద తట్టి స్వరాలు పలికించే ట్యాపింగ్‌కు ఇది ఎంత అనుకూలమో వేరే చెప్పనక్కరలేదు. పిక్‌ను అరచేతిలోకి దాచుకోకుండానే మీటడం నుంచి తట్టడానికి, తట్టడం నుంచి మీటడానికి రావచ్చు. వేగంగా ఒకే స్వరాన్ని మోగించే ట్రెమొలో కోసం ఆయన మణికట్టును గిటారు నుంచి పైకి ఎత్తి, చేతిని గాలిలో ఆడించేవారు. అది ఆయన చేతికి కుదిరిన పద్ధతి. ట్యాపింగ్ ప్రధానంగా లేనివారు కేవలం అభిమానంతో ఈ పట్టును అనుకరించడంలో ప్రయోజనం నాకు కనిపించదు, ఎందుకంటే మధ్యవేలికి చూపుడువేలి అంత సున్నితమైన అదుపు ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చేదీ, తక్కువగా అర్థమయ్యేదీ బెన్సన్ పట్టు. 1943లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన జార్జ్ బెన్సన్ జాజ్ గిటారులో ఎంచుకున్న ఈ మార్గంలో బొటనవేలు చివరి కణుపు దగ్గర వెనక్కి వంగుతుంది, మణికట్టు బయటికి తిరుగుతుంది, మిగిలిన వేళ్లు విచ్చుకుని గిటారు ముఖం మీద తేలికగా ఆనుతాయి. ఫలితంగా పిక్ తిరిగే దిశ మారిపోతుంది: కిందికి మీటేటప్పుడు ముందుగా తాకేది నెక్ వైపు అంచు కాకుండా బ్రిడ్జ్ వైపు అంచు అవుతుంది. అంచు తాకే తీరు మారడం వల్ల ధ్వని మొదట్లోనే గుండ్రంగా, నిండుగా వస్తుంది. సన్నని గీరు శబ్దం తగ్గి, బొటనవేలి చర్మంతో మీటినట్టుండే మెత్తదనం కొంత వస్తుంది. చేతి బరువు తీగ మీద సహజంగా పడుతుంది కాబట్టి స్వరాలు ఒకదానికొకటి సమానంగా వినబడతాయి. ఇది విన్న తర్వాత జాజ్ నేర్చుకునేవారికి ఆశ కలగడం సహజం. కానీ ఇందులో ఖర్చు కూడా ఉంది. మణికట్టు బయటికి తిరగడం వల్ల అరచేతి అంచు బ్రిడ్జ్ మీద ఆనడం కష్టమవుతుంది, అంటే తీగలను అణచి వాయించే రాక్, మెటల్ రిథమ్ దాదాపు దూరమవుతుంది. బొటనవేలు వెనక్కి సులువుగా వంగనివారు బలవంతంగా వంచితే కీలు నొప్పి పెడుతుంది. అలాంటివారికి ఈ పట్టును నేను సిఫారసు చేయను. బొటనవేలు దానంతట అదే వెనక్కి వంగేవారు, ఒంటరి స్వరాల వరుసలే తమ సంగీతమని తేల్చుకున్నవారు మాత్రం తప్పక ప్రయత్నించాలి.

మన వైపు నుంచి ఒక మాట. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) పిక్‌తో మీటే ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. ఒక్క మీటు మీద ఎడమచేయి గమకాన్ని సాగదీయాలంటే, ఆ మొదటి తాకిడిలో గీరు శబ్దం తక్కువగా, నిండుదనం ఎక్కువగా ఉండాలి. గిటారు మీద కీర్తనలు, వర్ణాలు సాధన చేసేవారు తమ పట్టును ఈ కొలతతో చూసుకోవాలి: అంచు కోణం మరీ ఎక్కువైతే ప్రతి స్వరానికీ ముందు ఒక గీత వినబడుతుంది, గమకం అందం దాని కింద నలిగిపోతుంది. అలాంటి వారికి మామూలు పట్టులోనే పిక్‌ను కాస్త చదునుగా తిప్పుకోవడం సరిపోతుందని, బెన్సన్ పట్టు దాకా వెళ్లనక్కరలేదని నేను భావిస్తాను.

పట్టు ఒకటే అయినా మణికట్టు మారితే ఫలితం ఎంత మారుతుందో చూడాలంటే గిటారిస్టు జాంగో రైనార్ట్ (1910–1953) నుంచి వచ్చిన జిప్సీ జాజ్ సంప్రదాయాన్ని గమనించాలి. అక్కడ పిక్ పట్టుకునేది చూపుడువేలి పక్కనే. కానీ మణికట్టు వంగి, చేయి తీగల మీద ఆనకుండా తేలుతుంది. కిందికి మీటిన పిక్ ఆ ఊపుతోనే పక్క తీగ మీదికి వచ్చి ఆగుతుంది. తీగ మారిన ప్రతిసారీ కింది స్ట్రోక్‌తోనే మొదలుపెడతారు. మైక్ లేకుండా కూడా గిటారు గది నిండా వినబడే ఆ ధ్వని అలా వస్తుంది.

పిక్ మందం, పదార్థం కూడా పట్టును నిర్ణయిస్తాయి. 0.50 మిల్లీమీటర్ల పలుచని పిక్ స్ట్రమ్మింగ్‌లో వంగుతుంది గనుక ఏ పట్టుకైనా సరిపోతుంది, 1.38 మిల్లీమీటర్ల జాజ్ త్రీ వంటి చిన్న, మందపు పిక్ వంగదు కాబట్టి ఆ వంగడమంతా వేళ్లలోనే జరగాలి, బిగించి పట్టేవారి తప్పును అది వెంటనే బయటపెడుతుంది. విజయవాడలో మే నెల ఉక్కపోతలో సాధన చేసేవారికి నున్నటి సెల్యులాయిడ్ పిక్ చెమటకు జారుతుంది. డన్‌లప్ సంస్థ 1981లో తెచ్చిన టార్టెక్స్ వంటి గరుకు పిక్‌లు గానీ, ముఖం మీద చిన్న చిన్న ఉబ్బులున్న నైలాన్ పిక్‌లు గానీ మేలు. పట్టు మార్చుకోవాలని నిర్ణయించుకునే ముందు పిక్ మార్చి చూడటం చవకైన పరీక్ష. రాక్ గిటారిస్టు బ్రయాన్ మే ఆరు పెన్నీల నాణెంతో మీటడం, బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ పిక్‌ను తిప్పి గుండ్రని భుజంతో మీటడం ఈ కోవలోవే. బొటనవేలికి తొడుక్కునే థంబ్ పిక్ మాత్రం కంట్రీ గిటారిస్టు చెట్ ఆట్కిన్స్ సంప్రదాయానికి చెందిన వేరే ప్రపంచం, దాన్ని ఈ తూకంలో వేయలేము.

ఎంచుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఫోన్‌ను గిటారు బ్రిడ్జ్ వైపు నుంచి కుడిచేయి దగ్గరగా కనబడేలా నిలబెట్టి, స్లో మోషన్‌లో వీడియో తీయండి. అడుగు తీగ మీద ఆరేసి స్వరాలు మీటి పక్క తీగకు మారండి, తర్వాత మూడేసి స్వరాలతో అదే చేయండి. వీడియోలో కొస ఎక్కడ గాలిలోకి లేస్తోందో, ఎక్కడ ఇరుక్కుంటోందో కనబడుతుంది. పిక్ వేళ్ల మధ్య తిరుగుతోందో లేదో కూడా తెలుస్తుంది. పిక్ తిరుగుతుంటే మొదట చూపుడువేలిని మరికొంత వంచి కొసను తక్కువ బయటికి ఉంచండి. అప్పటికీ తిరుగుతుంటే, మీరు వాయించేది ఎక్కువగా అణచిన రిథమ్ అయితే, మూడో వేలిని చేర్చండి. పిక్ తిరగకుండానే తీగ మారేచోట ఇరుక్కుంటుంటే పట్టును ముట్టుకోకండి, వాలును మార్చండి. ధ్వని మాత్రమే నచ్చకపోతే బొటనవేలిని కొద్దిగా వంచో, చాపో అంచు కోణాన్ని సరిచేయండి, అది కూడా చాలకపోతే అప్పుడు బెన్సన్ పట్టు వైపు చూడండి. ఏ మార్పు చేసినా కొన్ని వారాలు నెమ్మదైన లయలో, రోజూ సాధన మొదట్లోనే, చేయి అలసిపోకముందు చేయండి. వచ్చే ఆదివారం వేదిక మీద వాయించాల్సిన పాటలకు అప్పటిదాకా పాత పట్టునే ఉంచుకోండి.