తిత్లీకి కూలిన పనసతో పాపకు సొరుగుల బీరువా: ఐదేళ్ల వాడకం తరువాత

మా అమ్మాయి కోసం చేయించిన ఐదు సొరుగుల పనసచెక్క బీరువా విజయనగరంలోని మా ఇంట్లో 2020 మార్చి నుంచి రోజూ వాడకంలో ఉంది. మొదట్లో లంగోటీలు, జుబ్బాలు, బొంతలు సర్దిన సొరుగుల్లో ఇప్పుడు బడి బట్టలు, రంగు పెన్సిళ్లు, ఎందుకు దాచిందో ఎవరికీ చెప్పని సీసా మూతలు ఉంటున్నాయి. గట్టి చెక్కతో ఇలాంటిది చేయించుకోవాలనుకునే వాళ్లందరూ నన్ను చెక్క రకం, పాలిష్, ఖర్చు గురించే అడుగుతుంటారు. చెక్క విషయంలో మేము పెద్దగా పొరబడలేదు. పొరబడింది సొరుగుల కొలతల్లో. చంటిబిడ్డను ఎత్తుకున్న మనిషికి ఖాళీగా మిగిలేది ఒక్క చెయ్యే అన్న సంగతి కొలతలు వేసుకునేటప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

చెక్క మేము ఎంచుకున్నది కాదు, దానంతట అదే వచ్చి పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను కూల్చేసినప్పుడు కవిటి దగ్గర మా మామగారి పెరట్లోని పనస చెట్టు కూడా వేళ్లతో సహా ఒరిగిపోయింది. కొబ్బరి మొక్క నాటితే మళ్లీ కాపుకు ఎన్నేళ్లు పడుతుందోనని దిగులుపడ్డ ఆయన, పనసను మాత్రం వంటచెరకు కింద అమ్మనివ్వలేదు. నవంబరులో దుంగను కోత మిల్లుకు చేర్చి, అంగుళం మందాన కొన్ని, అంగుళం పావు మందాన కొన్ని పలకలు కోయించి, పలకకూ పలకకూ మధ్య సన్న బద్దలు పెట్టి పశువుల శాల చూరు కింద దొంతరగా పేర్పించారు. ఎండ తగలకూడదు, గాలి మాత్రం అటూ ఇటూ ఆడాలి. ఎండలో పడేస్తే పైపొర తొందరగా ఆరిపోయి, లోపలి తడి ఇంకా అలాగే ఉండి, పలక కొసలు పగులుతాయి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది వడ్రంగులు చెప్పే లెక్క. మాకు పదమూడు నెలలు దొరికాయి. అయినా రెండు పలకలు మెలి తిరిగాయి. వాటిని కురచ ముక్కలు చేసి సొరుగుల పక్కలకు వాడాము.

టేకు కాకుండా పనస ఏమిటని మా వైపు పెద్దలు అన్నారు. మా మేస్త్రి డెబ్బై ఏళ్ల మనిషి. బొబ్బిలి వీణలను గొల్లపల్లిలో పనస దుంగతోనే చెక్కుతారన్న సంగతి ఈ జిల్లాల్లో అందరికీ తెలిసిందే కాబట్టి ఆయన దానినే ఆధారంగా చేసుకున్నారు. "వీణకి పనికొచ్చిన మాను పెట్టికి పనికిరాదేటి బావూ? పనికొస్తాది. కాపోతే వానలకి ఉబ్బుతాది. ఆ సంగతి మీరు మనసులో ఎట్టుకోవాల" అన్నారు. మొదటి సగమే నాకు వినబడింది.

పనసలో మాను నడిమి గట్టి చెక్క అయిన చేవకూ, బెరడు కింది తెల్లచెక్కకూ చాలా తేడా ఉంది. చేవ పసుపుపచ్చగా, జిడ్డు పట్టినట్టు ఉంటుంది, చెదలకు అంత సులువుగా లొంగదు. తెల్లచెక్కలో పిండిపదార్థం ఎక్కువ కాబట్టి పురుగు దాని కోసమే వస్తుంది. వెనకవైపు ఎవరికి కనిపిస్తుందిలే అని మేము వదిలేసిన రెండంగుళాల తెల్ల అంచు రెండో ఏటికల్లా గుండుసూది మొన అంత బెజ్జాలు పడి, గోడ మూల సన్నని పిండి రాల్చడం మొదలుపెట్టింది. పిల్ల బట్టలున్న చోట మందులు కొట్టడం ఇష్టం లేక ఆ బద్దను ఊడదీయించి చేవ బద్ద వేయించాము. చేవలోకి పురుగు ఒక్క గీత మేర కూడా పోలేదు.

పని 2019 డిసెంబరులో మొదలై సంక్రాంతి ముందు ముగిసింది. బిడ్డ పుట్టకముందే ఈ హంగామా ఏమిటని మా అమ్మ ముఖం చిట్లించింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను ఆ నెలలో నేను విన్నన్నిసార్లు జన్మలో వినలేదు. కోడలు తొమ్మిదో నెలలో ఉండగా ఈ మాట సగమే వర్తిస్తుందని అంటే ఇంకా కోపం వచ్చింది. రాజీ ఏమిటంటే, బీరువా తయారయ్యాక కూడా మేస్త్రి పంచలోనే గోనెపట్టా కప్పుకుని ఉండాలి, బిడ్డ మా గడప తొక్కాకే ఇంట్లోకి రావాలి. జనవరి ఆఖరున పాప పుట్టింది. మార్చి మూడో వారంలో కవిటి నుంచి తల్లినీ బిడ్డనూ తీసుకొచ్చాము. ఆ సాయంత్రమే నలుగురం మోసి దానిని గదిలో పెట్టాము. వారం తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చింది, కాబట్టి తరువాతి ఆరు నెలలు దాని లోపాలన్నీ మేమే భరించాము.

కొలతలు ఇవి: వెడల్పు మూడడుగులు, లోతు అడుగున్నర. పై వరుసలో పక్కపక్కన రెండు చిన్న సొరుగులు, వాటి కింద ఒకదాని కింద ఒకటిగా నిండు వెడల్పున మూడు పెద్దవి. పక్క పలకలు మూడేసి ముక్కలు అతికినవి. సొరుగులు నడిచే బద్దలను పక్క పలకలకు ముందువైపు గట్టిగా బిగించి, వెనకవైపు మరకు పొడుగాటి బెజ్జం చేశారు. వానాకాలంలో పక్క పలక వెడల్పు పెరిగినప్పుడు మర ఆ బెజ్జంలో జరుగుతుంది గాని పలక పగలదు. చెక్క నిలువు పొడవున దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. ఈ ఒక్క జాగ్రత్త వల్లనే కాబోలు ఇన్నేళ్లలో ఎక్కడా చీలిక రాలేదు. సొరుగు అడుగులకు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేశాము. జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన రసాయనం ఉంటుందని పార్టికల్ బోర్డును వద్దనుకున్న నేనే దానికి ఒప్పుకున్నాను, ఎందుకంటే అంత వెడల్పున పలుచని పనస పలక వేస్తే ఉబ్బి అడుగు విల్లులా వంగుతుంది. మేస్త్రి కూలి పద్నాలుగు రోజులకు రోజుకు 900 చొప్పున 12,600. కోత, రవాణా 6,500. మరలు, పిడులు, లక్క, స్పిరిట్ కలిపి మూడు వేల చిల్లర. మాను ఖరీదు లేదు కాబట్టి ఈ లెక్కను ఎవరూ తమకు అన్వయించుకోవద్దు.

ఇక అసలు సంగతి. పెద్ద సొరుగుల ముఖం ఎత్తు తొమ్మిది అంగుళాలు. చట్రానికీ సొరుగుకూ మధ్య ఒకటిన్నర నూలు సందు వదలాలని మేస్త్రి అన్నారు. ఎనిమిది నూళ్లు ఒక అంగుళం. ఒకటిన్నర నూలంటే దూరం నుంచి కూడా కంటికి ఆనే సందు. అలా ఉంటే పనితనం లేని సామానులా కనిపిస్తుందని నేను పట్టుబట్టి దానిని అర నూలుకు తగ్గింపించాను. అది డిసెంబరు, చెక్క ఏడాది మొత్తంలో బాగా ముడుచుకుని ఉండే రోజులు. ఏప్రిల్, మే నెలల్లో సొరుగులు నీళ్ల మీద పడవల్లా నడిచాయి. జూలైలో మూలిగాయి. ఆగస్టు రెండో వారం ముసురులో మధ్య సొరుగు పూర్తిగా బిగుసుకుపోయింది, అందులో పాప ఉతికిన బట్టలన్నీ ఉన్నాయి. పై సొరుగు ఊడదీసి, సందులోంచి చెయ్యి దూర్చి ఒక్కొక్క జుబ్బా పైకి లాగవలసి వచ్చింది. తరువాత కొలిచి చూస్తే తొమ్మిది అంగుళాల ముఖం సుమారు ఒక నూలు పెరిగింది. పైన ఐదంగుళాల చిన్న సొరుగులు మాత్రం ఎప్పుడూ మొరాయించలేదు. ఎత్తు తక్కువైతే పెరుగుదల కూడా అంతకు తగ్గట్టే ఉంటుందన్న మాట పుస్తకంలో చదివి ఉంటే తల ఊపేవాణ్నేమో, బిగిసిన సొరుగు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాక ఒంటికి పట్టింది.

సెప్టెంబరులో మేస్త్రి వచ్చి, సొరుగు ఉబ్బి ఉండగానే చిత్రిక పట్టారు. ఎండలు వచ్చాక చేద్దామని నేను అంటే ఆయన ఒప్పుకోలేదు. ఉబ్బి ఉన్నప్పుడే కేవలం కదిలేంతవరకు తీస్తే అంతకు మించి ఎప్పుడూ బిగియదు, ముడుచుకున్నప్పుడు తీస్తే ఎంత తీయాలో అందాజు దొరకదు అన్నది ఆయన తర్కం. అప్పటి నుంచి ఏటా జూన్‌లో బద్దల మీద కొవ్వొత్తి రుద్దుతాను. అడుగు సొరుగు ఇప్పటికీ దసరా తరువాత వచ్చే మా ఊరి సిరిమాను పండుగ రోజుల్లో కొంచెం బెట్టు చేస్తుంది.

సందు దిద్దుకోగలిగాము గాని వెడల్పు దిద్దుకోలేకపోయాము. పెద్ద సొరుగుల వెడల్పు దాదాపు ముప్పైమూడు అంగుళాలు, లోతు పదహారే. ఇలాంటి సొరుగుకు రెండు పిడులు ఉంటాయి, రెండు చేతులతో సమంగా లాగాలి. ఒక్క పిడి పట్టి లాగితే ఆ మూల ముందుకు వచ్చి, రెండో మూల వెనకబడి, సొరుగు ఏటవాలుగా తిరిగి పక్కలకు కరుచుకుంటుంది. రాత్రి రెండు గంటల వేళ తడిసిన పిల్ల ఎడమ భుజం మీద ఏడుస్తుండగా, కుడి చేత్తో ఒక పిడి లాగుతూ, రెండో మూల కరుచుకోకుండా మోకాలితో సొరుగు పక్కను సరిచేస్తూ నిలబడిన రాత్రులు నాకూ మా ఆవిడకూ లెక్కలేనన్ని. పై వరుస చిన్న సొరుగులు చదరంగా ఉండడం వల్ల ఒక్క వేలితో తెరుచుకునేవి. చివరికి రాత్రి అవసరమయ్యేవన్నీ వాటిలోనే కుక్కేశాము. రెండో ఏడు మధ్య సొరుగు అడుగున నట్టనడుమ ఒక దారి బద్ద వేయించాము, దానితో వాలు చాలావరకు తగ్గింది. అడుగు సొరుగుకు ఉక్కు చానెళ్లు వేయించాలన్న ఆలోచనను మాత్రం మా ఆవిడ కొట్టిపారేసింది. చానెల్ మీది సొరుగు తేలికగా తోస్తే చాలు జర్రున మూసుకుపోతుంది. చెక్క సొరుగు నెమ్మదిగా, చప్పుడు చేస్తూ మూసుకుంటుంది కాబట్టి చిన్న వేళ్లకు తప్పించుకునే వ్యవధి ఉంటుంది. ఆమె మాటే నిజం.

పాలిష్ విషయంలో నాకు సంతృప్తి ఎక్కువ, తిట్లు కూడా ఎక్కువ. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 వంతులు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నా, కొట్లో ఏది పాత డబ్బానో ఏది కొత్తదో తేల్చుకునే ఓపిక లేక రంగు జోలికి పోలేదు. స్పిరిట్‌లో లక్క కరిగించి, గుడ్డ ఉండతో పొర మీద పొరగా పూయించాము. స్పిరిట్ ఎగిరిపోయాక మిగిలేది మాత్రల మీద పూతగా కూడా వాడే లక్కే. పళ్లు వచ్చే రోజుల్లో పాప రెండో సొరుగు అంచును కొరికిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. పైన రెండు, కింద రెండు, బియ్యపు గింజ నొక్కినట్టు. వాటిని గీకించడానికి నేను ఒప్పుకోలేదు. అయితే లక్కను కరిగించేది స్పిరిట్ అయినప్పుడు శానిటైజర్ దానిని ఏం చేస్తుందో ఆ 2020 ఏప్రిల్‌లో ఆలోచించే స్థితిలో ఎవరున్నారు? బీరువా మీద పెట్టిన సీసా మూతి నుంచి కారిన చుక్కలు పాలిష్‌ను జిగటగా కరిగించి, దూది పీచులు అంటుకున్న అరచేతి వెడల్పు మచ్చను మిగిల్చాయి. వేడి పాల గిన్నె మరో తెల్ల వలయం వేసింది. ఊరట ఏమిటంటే, లక్క పాలిష్ చెడినంత తేలికగా బాగవుతుంది. కొత్తగా గీకే పని లేకుండా అదే స్పిరిట్, అదే గుడ్డ ఉండతో ఒక మధ్యాహ్నంలో నేనే సరిచేశాను.

లోపలి వైపు పాలిష్ వేయలేదు, వాసన ఉండకూడదని. దాని ఫలితం మేము ఊహించనిది. పనస చేవలో పసుపు రంగు ఉంటుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు అద్దడానికి ఈ చెక్క పొట్టు ఉడికించి వాడేవారు. ముసురు రోజుల్లో సరిగా ఆరని తెల్ల లంగోటీలు సొరుగు పక్కలకు తగిలిన చోటల్లా పచ్చని చారలు పడ్డాయి, ఎంత ఉతికినా పోలేదు. మా అత్తగారు పాత నూలు చీరను నాలుగు ముక్కలు చేసి సొరుగుల్లో పరిచారు. అంతటితో ఆ బాధ తీరింది. బయటి రంగు మాత్రం ఏటేటా ముదిరి, పసుపు నుంచి తేనె రంగుకు, ఇప్పుడు బెల్లపు రంగుకు వచ్చింది.

ఒక విషయం మాత్రం ఎవరికైనా గట్టిగా చెబుతాను. ఎనభై కిలోల పైచిలుకు బరువున్న బీరువా తిరగబడదని నేను నమ్మాను. 2021 మార్చిలో, పద్నాలుగు నెలల పిల్ల, కింది సొరుగు తెరిచి అందులో నిలబడి, మధ్య సొరుగును పట్టుకుని వేలాడింది. పైనున్న స్టీలు గ్లాసు దొర్లి నేల మీద పడ్డ చప్పుడుకు మా ఆవిడ పరుగెత్తుకొచ్చి చూసేసరికి వెనక కాళ్లు నేల నుంచి రెండంగుళాలు లేచి ఉన్నాయి. గట్టి చెక్క సొరుగులు కూడా బరువే. అవి ముందుకు వచ్చినప్పుడు ఆ బరువంతా ముందుకే వస్తుంది. 2016లో అమెరికాలో ఐకియా సంస్థ గోడకు బిగించకపోతే పిల్లల మీద పడే ప్రమాదం ఉందని సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచిన వార్త నేను అప్పట్లో చదివాను కూడా. అవి తేలికపాటి బోర్డువి అనుకుని ఊరుకున్నాను. ఆ సాయంత్రమే ఇటుక గోడకు బెజ్జాలు వేసి, ప్లగ్గులు దిగ్గొట్టి, రెండు ఇనుప పట్టీలతో వెనక బద్దను గోడకు బిగించాను.

ఆ చెట్టు పలకలు ఇంకా ఐదు మిగిలాయి. మా మరదలికి జూలైలో కాన్పు. మేస్త్రికి ఇప్పుడు చూపు సరిగా ఆనడం లేదు గాని ఆయన కొడుకు పని పట్టాడు: ఏ సొరుగూ పద్దెనిమిది అంగుళాల వెడల్పు దాటదు, ఏ ముఖమూ ఆరంగుళాల ఎత్తు దాటదు, ప్రతిదానికీ నడుమ ఒకటే పిడి, సందు ఎంత వదలాలో తండ్రి చెబుతాడు, నేను నోరు మెదపను. కాన్పు అయ్యేదాకా అది వాళ్ల పంచలోనే ఉంటుంది.