పవర్ బీఐ డెస్క్‌టాప్: వాన లెక్కలు రాసేవాడి రివ్యూ

అనంతపురంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గణాంకాల సీటు నాది. మండలాల వారీగా వర్షపాతం, సాగు విస్తీర్ణం, దిగుబడి లెక్కలు చూస్తాను. పట్టికల్లోని లెక్కలను చార్టులు, మ్యాపులు, రిపోర్టులుగా మార్చే మైక్రోసాఫ్ట్ వాళ్ల సాఫ్ట్‌వేర్ పవర్ బీఐ మీద వీడియోలు కుప్పలుగా ఉన్నాయి గానీ దాదాపు అన్నీ షోరూం అమ్మకాల లెక్కలతోనే చూపిస్తారు. సర్కారు లెక్కలకు అది ఎట్లా పనికొస్తుందో రాద్దామని ఇది.

అందరూ రంగురంగుల చార్టులు చూసి మురిసిపోతారు. నన్నడిగితే దీనికి పెట్టాల్సిన మార్కుల్లో ముక్కాలు భాగం పవర్ క్వెరీకే, అంటే ఫైళ్లను తెచ్చుకుని శుభ్రం చేసే దాని భాగానికే. మాకు వచ్చే ఎక్సెల్ షీట్లు చూసినవాళ్లకు ఎందుకో అర్థమవుతుంది. పైన మూడు వరసల హెడ్డింగు, మెర్జ్ చేసిన గడులు, మధ్యమధ్యలో 'మొత్తం' వరసలు. రాప్తాడును ఒక శాఖ ఇంగ్లీషులో 'టీ'తో రాస్తే ఇంకో శాఖ 'టీహెచ్'తో రాస్తుంది. తాడిపత్రి, రాయదుర్గం కూడా అంతే, ఎవరి స్పెల్లింగు వాళ్లది. పవర్ క్వెరీలో ఒకసారి శుభ్రం చేస్తే ఆ స్టెప్పులన్నీ గుర్తుంటాయి. తర్వాతి నెల ఫైలు అదే ఫోల్డర్లో వేసి రిఫ్రెష్ నొక్కితే సరిపోతుంది. పేర్ల గొడవ మాత్రం అది తీర్చదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి మండలానికీ ఒక కోడ్ ఉంటుంది. ఆ పట్టిక మనమే తెచ్చి పెట్టుకుని, పేరుతో కాకుండా కోడ్‌తో కలుపుకోవాలి.

ఆ పట్టిక ఇంకో చోట కూడా ఆదుకుంటుంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి అనంతపురం జిల్లా రెండయింది. 63 మండలాల్లో 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. పాత జిల్లా మొత్తాన్నీ కొత్త జిల్లా మొత్తాన్నీ ఒకే గీత మీద పెడితే వేరుశనగ సాగు ఒక్క ఏడాదిలో కూలిపోయినట్టు కనిపిస్తుంది. పోయింది పంట కాదు, కదిరి, ధర్మవరం, హిందూపురం వైపు మండలాలు. మండలం పక్కన 'ఇప్పటి జిల్లా' అనే కాలమ్ పెట్టి రిలేషన్‌షిప్ (పట్టికల మధ్య లంకె) కలిపితే పాత ఏళ్ల లెక్కలు కూడా కొత్త సరిహద్దుల ప్రకారం సర్దుకుంటాయి. ఎక్సెల్‌లో వీలుకప్‌లతో (ఇంకో పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే ఫార్ములాలతో) ఈ పని చేసినవాళ్లకు తెలుసు, ఎంత హాయో.

ఇక మండలాల వారీగా వర్షపాతం చూపే రంగుల మ్యాపు సంగతి. వాతావరణ శాఖ లెక్కలో సాధారణానికి 19 శాతం అటో ఇటో ఉంటే 'సాధారణం' కిందే వస్తుంది. దానికి పచ్చ రంగు వేస్తాం. నెల మొదట్లో రెండు గట్టి వానలు కురిసి, తర్వాత మూడు వారాలు బెట్ట పట్టినా నెల మొత్తం పచ్చగానే ఉంటుంది. మ్యాపు చూసిన ఒక వ్యవసాయాధికారి, "పచ్చగా పెట్నారే సార్, ఊడలు దిగే టైములో చుక్క పడలేదు, రైతులకేం చెప్పాల?" అన్నాడు. ఊడలంటే వేరుశనగ పువ్వు నుంచి మట్టిలోకి దిగి కాయగా మారే కాడలు. ఆయన మాట న్యాయం. నెలవారీ మొత్తంతో పాటు రోజువారీ లెక్క తీసుకుని, 2.5 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడిన రోజులు వరసగా ఎన్నో చూపిస్తేనే ఆ మ్యాపుకు అర్థం. ఆ వరస లెక్కను డ్యాక్స్ (పవర్ బీఐ సొంత ఫార్ములా భాష) ఫార్ములాతో రాయడం తలనొప్పి. ఎక్సెల్‌లోనే ఒక కాలమ్ కట్టి తెచ్చుకోవడం తేలిక.

మ్యాపులో మండలం పేరొక్కటే ఇవ్వొద్దు. జిల్లా, రాష్ట్రం కూడా జత చేయకపోతే అదే పేరున్న ఇంకో ఊరికి చుక్క పోవచ్చు.

ఖర్చు సంగతికొస్తే డెస్క్‌టాప్ ఉచితమే, కానీ విండోస్‌లోనే నడుస్తుంది. చేసిన రిపోర్టును ఆన్‌లైన్లో పది మందితో పంచుకోవాలంటే మామూలుగా చేసేవాళ్లకూ చూసేవాళ్లకూ ప్రో లైసెన్సు ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి అది మనిషికి నెలకు 14 డాలర్లు. ఏ మండలం అధికారికి ఆ మండలం వరసలే కనపడేలా చేసే రో లెవెల్ సెక్యూరిటీ మా పనికి అచ్చంగా సరిపోయేదే, కానీ అది పనిచేసేది అట్లా ఆన్‌లైన్లో పెట్టినప్పుడే. ఎంతమంది అధికారులో లెక్కేసి ఫైలు పెడితే అకౌంట్స్ సెక్షన్ ఏమంటుందో ఊహించుకోండి.

'పబ్లిష్ టు వెబ్' అని ఉచిత దారి ఒకటుంది. వాన లెక్కలకైతే పర్వాలేదు. పింఛన్లో, ఇన్‌పుట్ సబ్సిడీలో లబ్ధిదారుల పేర్లున్న ఫైలుకు దాని జోలికి పోవద్దు. లాగిన్ ఏమీ లేకుండా ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు.

నా మార్కులు: పవర్ క్వెరీకి ఐదుకు ఐదు, మ్యాపులకు మూడు, లైసెన్సు పద్ధతికి ఒకటి. ప్రస్తుతానికి మేం పీడీఎఫ్ తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. మండలం నొక్కి వివరాలు చూసుకునే సదుపాయం అందులో ఉండదు, అందుకే ఒక్కో డివిజన్‌కు ఒక్కో పేజీ విడిగా తీస్తున్నాను.