బల్ల పైనే ఆగిపోయిన పంతొమ్మిది రోజులు

ఆఫీసులో నా స్టాండింగ్ డెస్క్‌కు మూడేళ్లు నిండాయి. అది ఎంత బరువు మోస్తుందో, ఎంత ఎత్తు లేస్తుందో అమ్మేవాళ్లే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. నా మమకారమంతా బల్ల అంచున కుడిచేతి కింద ఉండే రెండు బటన్ల మీదే. ఒకటో నంబరు నొక్కితే కూర్చునే ఎత్తుకు, రెండో నంబరు నొక్కితే నిలబడే ఎత్తుకు బల్ల తనంతట తానే వచ్చి ఆగుతుంది.

ఇదేం గొప్ప అనిపించవచ్చు. దీనికి ముందు వాడిన బల్లకు చేత్తో తిప్పే పిడి ఉండేది. మొదటి వారం ఉత్సాహంగా తిప్పాను, రెండో వారం రోజుకొకసారి తిప్పాను, నెల తిరిగేసరికి అది మామూలు బల్ల అయిపోయింది. పని మధ్యలో వంగి పిడి తిప్పే ఓపిక ఎవరికి ఉంటుంది? బటన్ వచ్చాక ఫోను మోగితే చాలు, వేలు దానంతటదే రెండో నంబరు మీదికి పోయేది.

అంత ముద్దుగా చూసుకున్న బల్ల రెండో ఏడు చివర్లో మొండికేసింది. ఒక సోమవారం పొద్దున నిలబడి పని చేస్తున్నాను. కూర్చుందామని ఒకటి నొక్కితే బల్ల గుర్రుమంది, కొంచెం కదిలింది, ఆగిపోయింది. పెన్సిల్ ఒకటి ఎడమవైపు దొర్లుకుంటూ పోయి కింద పడింది. చూస్తే ఎడమ కాలు వేలెడు దిగింది, కుడి కాలు అక్కడే నిలిచి ఉంది. అంకెలు కనిపించే చోట ఏదో లోపం నంబరు వెలుగుతోంది. రెండు కాళ్ల ఎత్తు లెక్క కుదరకపోతే, కాళ్లలోని మోటార్లను నడిపే కంట్రోల్ బాక్స్ బల్లను ఇక కదలనివ్వదట. కింది బాణం నొక్కి పట్టుకుంటే సర్దుకుంటుందన్నారు. వేలు నొప్పి పుట్టింది తప్ప బల్ల దిగలేదు.

విడిభాగం రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. రెండు మానిటర్లు ఆ బల్లకే బిగించి ఉన్నాయి, వేరే చోటు ఖాళీ లేదు. ఎక్కడినుంచో ఎత్తు స్టూలు ఒకటి తెచ్చిపెట్టారు కానీ దాని మీద కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడుతూ తొడల వెనక కోసుకుపోయేది. చేసేది లేక నిలబడ్డాను. ఆ రోజుల్లో ఆఫీసులో నాకు త్రిశంకుడనే పేరు స్థిరపడింది.

మొదటి రెండు రోజులు ‘ఆరోగ్యానికి మంచిదేగా’ అనుకున్నాను. నాలుగో రోజు సాయంత్రం సాక్స్ తీస్తే, వాటి అంచు చీలమండ చుట్టూ కడియంలా లోతుగా అచ్చు పడి ఉంది. బొటనవేలితో నొక్కితే పడిన గుంట నింపాదిగా పూడింది. రెండో వారానికి అరికాళ్లు మండేవి, పిక్కలు పీకేవి. ఒకసారి ఈ కాలు మీద, ఒకసారి ఆ కాలు మీద కొంగలా నిలబడేవాణ్ణి. దాంతో తుంటి ఒక పక్కకు ఒరిగి, నడుము నొప్పి మళ్లీ తలుపు తట్టింది.

రాత్రిళ్లు కాళ్లు దిండు మీద పెట్టుకుని దీని గురించే చదివాను. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా కాలి సిరల్లోని రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడితే ఆ పని మందగించి నెత్తురు కిందే నిలుస్తుంది. కెనడాలోని ఒంటారియోలో 7,300 మంది ఉద్యోగులను 12 ఏళ్లు గమనిస్తే, ఎక్కువగా నిలబడే ఉద్యోగాల వారిలో గుండె జబ్బు కూర్చునే వారికంటే దాదాపు రెట్టింపు కనిపించిందట. వాళ్లకు నాలాగా బటన్ నొక్కి కూర్చునే వీలు ఉండదు కాబట్టి ఆ లెక్కను యథాతథంగా నాకు అన్వయించుకోను. కానీ ఆ పంతొమ్మిది రోజులూ నాదీ వాళ్ల పరిస్థితే.

స్టాండింగ్ డెస్క్ గొప్పతనం చెప్పేవాళ్లు తరచూ ఎత్తే 1953 నాటి లండన్ బస్సుల అధ్యయనం కూడా చదివాను. డ్రైవర్లకంటే కండక్టర్లకు గుండె జబ్బులు తక్కువ. నిజమే, కానీ ఆ కండక్టర్లు రెండంతస్తుల బస్సు మెట్లు రోజంతా ఎక్కి దిగినవాళ్లు. ఒకే చోట పాతేసిన గుంజల్లా నిలబడలేదు.

చివరికి తేలిన కారణం చిన్నది. కుడి కాలి మోటారు తీగను బల్ల కింద మరీ బిగించి కట్టారు. లేచినప్పుడల్లా అది లాగబడి, కంట్రోల్ బాక్స్ దగ్గర పిన్ను వదులై కాలిపోయింది. బల్ల కొనేవారు ఒకసారి వంగి తీగలకు కాస్త వదులు ఉందో లేదో చూసుకోండి.

కొన్న ఆరు నెలలకు ‘నడుము నొప్పి మాయమైంది’ అని అందరికీ చెప్పుకున్నాను. అదే సమయంలో ఫిజియోథెరపీ వ్యాయామాలు కూడా మొదలుపెట్టానని అప్పుడు చెప్పలేదు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. బరువు సంగతి అడగకండి. 65 కిలోల మనిషి ఆరు గంటలు కూర్చోవడం మాని నిలబడితే అదనంగా ఖర్చయ్యేది సుమారు 54 కేలరీలు, అంటే అరటిపండులో సగం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, నా పొట్ట మాత్రం నిలబడి తిన్నా కరగలేదు.

అలాగని తిరిగి ఇచ్చేయను. ఇప్పుడు ఒకేసారి గంటలు గంటలు నిలబడటం మానేశాను. ఫోను వస్తే లేస్తాను, ఇరవై నిమిషాలకు దించేస్తాను, మధ్యలో నీళ్ల సీసా నింపుకోవడానికి నడుస్తాను. భోజనం తర్వాత వచ్చే కునుకుపాటుకు ఇంతకంటే మంచి మందు నాకు దొరకలేదు. కాకపోతే నాది రోజంతా తెర ముందు ఉండే పని, నడుములో పాత గాయం ఉంది, సిరలు ఉబ్బే జబ్బు ఇంకా రాలేదు. మీ పనిలోనే నడక ఉంటే దీని అవసరం ఉండకపోవచ్చు. కాళ్లలో సిరల బాధ ఉంటే ముందు డాక్టరును అడగండి.

బాగుచేశాక ఏడాదిగా మొరాయించలేదు. అయినా సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఒకటో బటన్ నొక్కి, బల్ల దిగేదాకా చూసి మరీ వెళ్తాను. ఈసారి ఆగిపోతే కిందే ఆగిపోవాలని.