విండోసా, మింటా, రెండూనా? పర్లాకిమిడి జిరాక్స్ షాపులో ఏది మేలు

పాతపట్నంలో మా పిన్ని కొడుకు నెట్ సెంటర్ పెట్టాడు, మొన్న ఫోన్ చేసి "అన్నా, మింట్ ఎక్కించీమంటావేటి?" అని అడిగాడు. మింట్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లైనక్స్ రకం ఓఎస్, అంటే కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్. మహేంద్రతనయ నదికి ఇవతల ఒడిశా పర్లాకిమిడిలో నా షాపు, అవతల ఆంధ్రాలో వాడిది, ఇద్దరిదీ ఒకటే బాధ. సిస్టమ్ ఇంటెల్ ఆరో జనరేషన్, విండోస్ 11కి ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటాది కాబట్టి అది మన దగ్గర ఎక్కదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, ఈఎస్‌యూ అనే అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా లాగొచ్చు.

ముందు ఒకమాట, ఏ ఓఎస్ అయినా సరే పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వెయ్యండి, సగంమంది విండోస్ స్లో అని తిట్టేది నిజానికి ఆ తిరిగే డిస్క్‌ని.

ఇక పని సంగతి. ఒడిశా భూలేఖ్ సైట్‌లో ఆర్‌ఓఆర్ (భూమి హక్కుల పత్రం) తియ్యడం, ఆంధ్రా వైపు వాళ్లొస్తే వాళ్ల మీభూమి సైట్ చూడ్డం, రైలు టికెట్లు, స్కాలర్‌షిప్ ఫారాలు, ఇవన్నీ బ్రౌజర్ పనులే, మింట్‌లో క్రోమ్ వేసుకుంటే కస్టమర్‌కి తేడా కూడా తెలీదు. ఇక్కడ మింట్‌కే నా ఓటు, డబ్బు అక్కర్లేదు, 4 జీబీ ర్యామ్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం హాయిగా నడుస్తాది.

అసలు చిక్కంతా అక్షరాల దగ్గరుంది. పెళ్లికార్డులు, గృహప్రవేశం కార్డులు మేం ఇన్నేళ్లూ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టాం, ఒడియా అఫిడవిట్లు ఆకృతి ఫాంట్లతో కొట్టాం, రెండూ యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా అక్షరం అక్షరంగానే కనపడే పద్ధతి) కావు, రెండూ విండోస్ మీద బతికేవే. అను మేటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ కలిసిన గందరగోళం వస్తాది చూడండి, మింట్‌లో పాత ఫైల్ తెరిచినా అదే బాధ. కాబట్టి పాత కార్డులో పేరు, తేదీ మార్చి మళ్లీ ప్రింట్ కొట్టే వ్యాపారమైతే విండోస్ వదలకండి, ఇందులో వాదన లేదు.

కొత్తగా కొట్టేది మాత్రం యూనికోడ్‌లోనే కొడుతున్నా. పేజ్‌మేకర్ బదులు వాడే ఉచిత స్క్రైబస్ పాత 1.4లో ఒత్తులు సరిగా పడేవి కావు, 2024 జనవరిలో వచ్చిన 1.6లో తెలుగు బాగానే కుదురుతోంది, ఫాంట్లకి మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. అను ఫాంట్ల సోకు వీటికి రాదు, కార్డు మీద ఆ వంకీల తలకట్టు కావాలని అడిగే పెద్దలున్నారు, వాళ్లకి నచ్చజెప్పడం నావల్ల కాలేదు.

కీబోర్డ్ గురించి ఎవరూ చెప్పని లాభం ఒకటుంది, ముఖ్యంగా రెండు భాషల మధ్య బతికే మనలాంటోళ్లకి. మన భాషలన్నిటికీ ఒకే వరసలో ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ నేర్చుకుంటే కె నొక్కితే తెలుగులో క, భాష మార్చి అదే కె నొక్కితే ఒడియా క, హెచ్ నొక్కితే రెండిట్లోనూ ప. విండోస్‌లోనూ ఇదే, మింట్‌లోనూ ఇదే, ఓఎస్ మారినా వేళ్లు మళ్లీ బడికి వెళ్లక్కర్లేదు. నాకు నెల పట్టింది, మొదటివారం మాత్రం ఏడిపించింది. (వాడుకభాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడిన ఊరు మాది, ఆయన తెలుగుతోపాటు సవర భాషా పట్టుకున్నారు, మనం రెండు లిపులకి ఒక్క కీబోర్డ్ నేర్చుకోలేమా అనుకుని కూర్చున్నా.)

మింట్ దెబ్బ తినేది పరికరాల దగ్గర. నా పాత లేజర్ ప్రింటర్‌కి డ్రైవర్ కుదర్చడానికి రెండు రాత్రులు పోయాయి, ఆధార్‌తో డబ్బులిచ్చే వేలిముద్ర మిషన్ అయితే నాది విండోస్‌లోనే పలికింది. ఆఫీసులోళ్లు పంపే వర్డ్ ఫైల్ మింట్‌లోని లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటాది గానీ అందులో విండోస్‌తో వచ్చే నిర్మలా ఫాంట్ ఉండి మన దగ్గర లేకపోతే పేజీలు జరిగిపోతాయి, రెండు పేజీల దరఖాస్తు మూడు పేజీలవుతాది, ఒడియా గుమస్తా దానికీ తిడతాడు.

అందుకని ఒకే సిస్టమ్‌లో రెండూ పెట్టి చూశా. మింట్ నుంచి విండోస్‌కి వస్తే గడియారం అయిదున్నర గంటలు వెనక్కి! లైనక్స్ మదర్‌బోర్డ్ గడియారంలో యూటీసీ (మనకన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ సమయం) రాస్తాది, విండోస్ దాన్ని లోకల్ టైమ్ అనుకుంటాది, బిల్లు మీద టైమ్ తప్పు పడ్డాకే నాకు తెలిసింది. టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లైనక్స్‌ని లోకల్ టైమ్‌కి మార్చితే తీరిపోతాది. ఇంకోటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా ఆన్ అవడానికి పూర్తిగా మూసుకోకుండా ఉంచే ఏర్పాటు) ఆపకపోతే మింట్‌లోంచి ఆ డ్రైవ్ చదవడమే గానీ రాయనివ్వదు, నేను ఫైల్ సేవ్ అవట్లేదని డిస్క్ పోయిందనుకుని కంగారుపడ్డా. పైగా కస్టమర్ నిలబడి ఉండగా రీస్టార్ట్ కొట్టి ఇటు అటు దూకడం షాపులో కుదరని పని, ఇంట్లో చదువుకునే కుర్రాడికైతే పర్లేదు.

తమ్ముడికి చెప్పింది ఇదే, నీకు రెండు సిస్టమ్‌లున్నాయి కాబట్టి కౌంటర్‌లోది మింట్ చేసీ, లోపల వేలిముద్ర మిషన్, అను, పెళ్లికార్డులు ఉన్నదాన్ని విండోస్‌లోనే ఉంచి ఈఎస్‌యూలో చేర్చీ, ఒక్కటే ఉంటే మాత్రం ఇప్పుడప్పుడే కదపకు. వాడు "మరి నువ్వేటి చేస్తన్నావ్?" అన్నాడు. నేనా, పాత కార్డుల ఫోల్డర్ తెరిచి రోజుకి నాలుగు చొప్పున యూనికోడ్‌లోకి మార్చుకుంటన్నా, 2012 మాఘమాసం దాకా వచ్చా.