లాక్ ఆపరాన్ ప్రాక్టికల్ కిట్: కొనొచ్చు, మాన్యువల్ మాత్రం దండగ

1961లో జాకబ్, మోనో అనే సైంటిస్టులు చెప్పిన లాక్ ఆపరాన్ (లాక్టోజ్ అనే పాల చక్కెర దొరికినప్పుడే దాన్ని వాడుకునే జీన్లని బ్యాక్టీరియా ఆన్ చేసే ఏర్పాటు) బొమ్మ అందరం గీస్తాం గానీ జీన్ ఆన్ అవడం కళ్ళారా చూసేది తక్కువ, ఆ లోటు ఈ కిట్ బాగానే తీర్చింది. ఈ.కోలై బ్యాక్టీరియా కల్చర్ మూడు ట్యూబుల్లో పోసి ఒకటి ఉత్తగా వదిలేసి, ఒకదాన్లో ఐపీటీజీ (లాక్టోజ్‌ని పోలిన రసాయనం), ఇంకోదాన్లో ఐపీటీజీతో పాటు గ్లూకోజ్ వేసి కాసేపు పెరగనిచ్చి ఓఎన్‌పీజీ (విరిగితే పసుపు రంగు వచ్చే రసాయనం) పోస్తే రెండోది చిక్కటి పసుపుకి తిరుగుతుంది, ఎందుకంటే ఐపీటీజీ, జీన్‌ని ఆపి ఉంచే రెప్రెసర్ ప్రొటీన్‌ని డీఎన్ఏ మీంచి లేపేస్తే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ తయారై ఓఎన్‌పీజీని విరగ్గొడుతుంది. గ్లూకోజ్ ట్యూబ్ లేత పసుపు దగ్గరే ఆగింది, నాకైతే ఇదే హైలైట్! గ్లూకోజ్ ఉంటే సీఏఎంపీ అనే సిగ్నల్ అణువు తగ్గిపోయి, జీన్‌ని గట్టిగా ఆన్ చేసే క్యాప్ ప్రొటీన్ సాయం అందదు మరి.

మాన్యువల్‌లో ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేశారు. లాక్టోజ్ బదులు ఐపీటీజీ ఎందుకో కూడా రాయలేదు, బ్యాక్టీరియా దాన్ని తినేయలేదు కాబట్టి మోతాదు మారదు, అంతే కదా, రాస్తే ఏం పోయింది? రియాక్షన్ ఆపే సోడియం కార్బొనేట్ మరీ కొంచెమే ఇచ్చారు, రిపీట్ చేయాలంటే కష్టం. మొత్తానికి నాలుగు స్టార్లు ఇస్తా.