డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్: పాచికల రూల్స్ దగ్గర వచ్చే పేచీలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే పాచికలు వేస్తూ, క్యారెక్టర్లతో కథ నడిపే టేబుల్‌టాప్ ఆట. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌ను ఏళ్ల తరబడి ఆడాను, ఎక్కువగా డీఎంగా (డంజన్ మాస్టర్, అంటే ఆట నడిపించే వ్యక్తి) ఆడించాను. కథ, క్యారెక్టర్ల గురించి సమీక్షలు బోలెడున్నాయి. నేను పాచికల రూల్స్ గురించే రాస్తాను.

అసలు సూత్రం తేలిక. ఇరవై ముఖాల డైస్ వేసి, బోనస్ కలిపి, కావలసిన అంకె వచ్చిందో లేదో చూడటమే. కొత్తవాళ్లు మొదటి ఆటలోనే పట్టేస్తారు. పేచీలన్నీ ప్రత్యేక శక్తుల దగ్గరే.

మా టేబుల్‌పై ఎక్కువ వాదన నడిచింది గ్రేట్ వెపన్ ఫైటింగ్ అనే శక్తి మీద. రెండు చేతులతో పట్టిన ఆయుధంతో కొట్టినప్పుడు డ్యామేజ్ డైస్‌పై (దెబ్బ ఎంత తగిలిందో చెప్పే డైస్) 1 గానీ 2 గానీ పడితే మళ్లీ వేయొచ్చు, రెండోసారి ఏది పడితే అదే ఖాయం. మరి పాలడిన్ (దైవశక్తి ఉన్న యోధుడు) గ్రేట్‌సోర్డ్ (రెండు చేతుల పెద్ద కత్తి) దెబ్బకు డివైన్ స్మైట్ (అదనపు డ్యామేజ్ డైస్ ఇచ్చే శక్తి) కూడా జోడిస్తే? ఆ డైస్ కూడా మళ్లీ వేయాలా? పుస్తకంలో వాక్యం చదివితే వేయొచ్చనే అనిపిస్తుంది. అధికారిక వివరణలిచ్చే సేజ్ అడ్వైస్ మాత్రం ఆయుధం డైస్‌కే అని తేల్చింది. నాకూ అదే సబబు. గ్రేట్‌సోర్డ్ సగటు 7 నుంచి 8.33కి ఎలాగూ పెరుగుతుంది. రెండు స్మైట్ డైస్‌కి కూడా వర్తింపజేస్తే ఇంకో 1.5 వస్తుంది, అంతే. ఆ కాస్త కోసం ప్రతి దెబ్బకీ గుప్పెడు డైస్‌లోంచి ఒకట్లూ రెండ్లూ ఏరి, మళ్లీ వేసి, మళ్లీ కూడుతుంటే పక్కవాళ్లు ఫోన్లు తీస్తారు. 2024లో సవరించి తెచ్చిన రూల్స్‌లో 1, 2 పడితే 3గా లెక్కేస్తారు. సగటు 8కి తగ్గింది, ఫైట్ మాత్రం చకచకా సాగుతోంది. నాకు ఇదే నచ్చింది.

పాత రూల్స్‌లోని లక్కీ ఫీట్ (క్యారెక్టర్‌కు ఇచ్చే ప్రత్యేక నైపుణ్యం) ఇంకా తలనొప్పి. డిస్అడ్వాంటేజ్‌లో, అంటే పరిస్థితి ప్రతికూలంగా ఉన్నప్పుడు, రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి కదా. లక్కీ ఇచ్చే లక్ పాయింట్ వాడితే మూడో డైస్ వేసి, మూడింటిలో నచ్చింది తీసుకోవచ్చట! అంటే కళ్లు మూసుకుని బాణం వేసేవాడికి, తెరిచి వేసేవాడికంటే ఒక డైస్ ఎక్కువ దొరుకుతుంది. అధికారికంగా అదే సరైన అర్థమని చెప్పినా నేను ఒప్పుకోలేదు. మా ఆటలో లక్ డైస్ ఆ రెండింటిలో ఒకదాని బదులే. 2024లో లక్కీ మన రోల్‌కు అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి ఎక్కువది తీసుకోవడం) మాత్రమే ఇస్తుంది, డిస్అడ్వాంటేజ్ ఉంటే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గొడవే లేదు.

20 పడితే దాడి తప్పక తగులుతుంది, సరే. స్కిల్ చెక్‌లకు (గోడ ఎక్కడం లాంటి పనులకు వేసే డైస్‌కు) ఆ రూల్ లేదు. బల్దర్స్ గేట్ 3 ఆడి వచ్చినవాళ్లు మాత్రం ఉందనుకుంటారు, ఎందుకంటే ఆ వీడియో గేమ్‌లో ఉంది. అందుకే అసలు సాధ్యం కాని పనికి నేను డైస్ వేయనివ్వను. వేయించి, 20 పడ్డాక కాదంటే ఎవరికైనా ఉసూరుమంటుంది.

1 నుంచి 100 దాకా అంకె కోసం వేసే పది ముఖాల జంట డైస్‌పై (ఒకటి పదులు, రెండోది ఒకట్లు చూపిస్తుంది) 00, 0 పడితే 100 అని పుస్తకం చెబుతుంది. కొందరు 0ని 10గా చదివి, 90, 0 పడితే 100 అంటారు. ఎలా చదివినా 1 నుంచి 100 దాకా అవకాశాలు సమానమే. కానీ ఒకే టేబుల్‌పై ఇద్దరు రెండు రకాలుగా చదవకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 2024 పుస్తకమే తీసుకోండి. పాతదానితోనే ఆడేవాళ్లు లక్కీ, స్మైట్ సంగతి మొదటి సెషన్‌లో, ఇంకా ఎవరూ డైస్ ముట్టకముందే తేల్చుకోండి.